చేనికి పోయేటప్పుడు రోజూ సంచిలో ఏమేం పెట్టుకుంటారు?

బత్తాయి_నల్గొండ
మాది నల్గొండ జిల్లా. బత్తాయి తోట, రెండు బోర్లు, మొత్తం డ్రిప్పు. తోట ఊరికి దూరం. రోజూ ఇదే కథ: పోయి చూస్తే పానా ఇంట్ల ఉంటది, పానా తెచ్చేసరికి టెఫ్లాన్ టేపు ఉండదు. నిన్న ఉడత లేటరల్ పైపు (చెట్ల కాడికి నీళ్లు తీస్కపోయే సన్న పైపు) కొరికింది, తెగిన పైపు కలిపే ఒక్క జాయినర్ కోసం మళ్లీ ఇంటికొచ్చిన. జాయినర్ ధర కన్నా బండి తాగిన పెట్రోలే ఎక్కువ. మోటారు షెడ్డుల పెట్టిపోదామంటే దొంగలు కేబుల్ వైరునే ఉంచుతలేరు, పానాలు ఉంచుతరా?

అందుకే ఒక సంచి కట్టి ఎప్పుడూ బండికే తగిలించి పెడదామనుకుంటున్న. ఆన్‌లైన్‌ల చూస్తే అన్నీ మిలిటరీ రంగు బ్యాగులు, ఒంటినిండ జిప్పులు, అగ్గి రాజేసే రాడ్లు. నాకు అడవిల తప్పిపోయే పని లేదు, అగ్గిపెట్టె మా కిరాణా కొట్టుల దొరుకుతది. నిజంగా ఎండల పని చేసేటోళ్లు ఏం మోస్తరో చెప్పండి. నేను అనుకున్నవి: కటింగ్ ప్లేరు, టెస్టరు, 12-13 పానా, ఇన్సులేషన్ టేపు, ఫ్యూజు వైరు, డ్రిప్పు సామాను, కొమ్మలు కోసే సెకేటరు, టార్చి, నీళ్ల బాటిలు, సద్ది. ఇంకేమన్న ఉంటే చెప్పండి, వద్దన్నవి ఉన్నా చెప్పండి.

అనంత_చెనిక్కాయ
ట్యూబు ముక్క యాడబోయ సామీ?? పాత సైకిల్ ట్యూబును వేలెడు వెడల్పు పట్టీలుగా కోసి చుట్టి పెట్టుకో. పైపు చీలినా, జాయింటు కారినా, బాగా సాగదీసి పట్టీ మీద పట్టీ వచ్చేట్టు చుట్టి కొస లోపలికి దోపితే సాయంత్రం దాకా గ్యారంటీ. సాగదీయకుండా చుట్టినోళ్లే అది నిలబడదంటారు. మాకు కరెంటు పగలు తొమ్మిది గంటలు. దాంట్లో గంట రిపేరుకు పోతే ఆఖరి మడి ఎండే.

కోనసీమ_కొబ్బరి
మా వైపు సంచి ఎందుకండీ బాబూ. భుజం మీద తువ్వాలు, చేతిలో కత్తి. దాహమేస్తే బొండం. అయిపోయింది.

అయినా చుట్టూ బత్తాయి పెట్టుకుని నీళ్ల బాటిలు మోయడమేంటండీ?

బత్తాయి_నల్గొండ
@కోనసీమ_కొబ్బరి అమ్ముకునే కాయ మనమే తింటే బ్యారగాడు వచ్చి ఏం కోస్తడన్నా 😄

@అనంత_చెనిక్కాయ ట్యూబు పట్టీ రాసుకున్న.

ఎండలో_సైకిల్
టెస్టరు ఒకటే పెట్టుకుంటే సరిపోదు. స్క్రూ డ్రైవరు, యాక్సా బ్లేడు సగం ముక్క (కొసకు గుడ్డ చుట్టినది), బైండింగ్ వైరు మూరెడు, నైలాన్ తాడు నాలుగు బారలు. యాక్సా బ్లేడుతో పీవీసీ పైపు కోయొచ్చు, చెప్పు తెగితే బైండింగ్ వైరుతో కుట్టొచ్చు. తాడు గురించి చెప్పేదేముంది, బండి ఆగిపోతే లాక్కెళ్లడానికీ అదే, దూడ తప్పించుకుంటే కట్టడానికీ అదే.

లైన్_మీద_బతుకు
లైన్‌మన్‌ని. మొదటి పోస్టులో ఒక్క మాట చూసి ఆగాను: ఫ్యూజు వైరు.

మీ స్టార్టర్ బోర్డులో ఫ్యూజు పోతే, మెయిన్ స్విచ్ దించి మీరే వేసుకోండి, తప్పులేదు. కానీ సంచిలో ఫ్యూజు వైరు ఉన్నవాడు అక్కడితో ఆగడు. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పోయినా ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కి కరెంటు ఆపే స్విచ్) లాగేసి తనే ఎక్కుతాడు. ఆ స్విచ్‌కి మూడు బ్లేడ్లు. పాతబడిన స్విచ్‌లో రెండు ఊడి ఒకటి అంటుకునే ఉంటుంది, కింద నిలబడి చూస్తే మూడూ ఊడినట్టే కనిపిస్తాయి. మేమే లైన్ క్లియర్ తీసుకుని (అంటే సబ్‌స్టేషన్‌లో కరెంటు ఆపించి), ఎర్తు వేసి, గ్లౌజులు తొడుక్కుని ముడతాం. మీరు చెప్పుల్లేకుండా తడి కాళ్లతో ముడతారు. కరెంటు ఫిర్యాదుల నంబరు 1912కి ఫోన్ చెయ్యండి.

ఇంకోటి, టెస్టరును నమ్మేవాళ్లకి. మిట్ట మధ్యాహ్నం ఎండలో నియాన్ బల్బు వెలిగినా కంటికి ఆనదు. అరచెయ్యి అడ్డం పెట్టి, నీడ చేసి చూడాలి. ముందు కరెంటు ఉందని తెలిసిన చోట పెట్టి టెస్టరు బాగుందో లేదో చూసుకుని, ఆ తర్వాతే అనుమానం ఉన్న చోట పెట్టాలి.

పత్తి_పాటి_నేల
@లైన్_మీద_బతుకు మీరు చెప్పింది నిజమే, కానీ మాకు మూడూళ్లకు ఒక్క లైన్‌మన్. ఫోన్ చేస్తే ‘పక్క ఊర్ల ఉన్న, పొద్దున వస్త’ అంటడు. ఆ రాత్రి నారుమడి ఎండితే 1912 నాట్లేసి పెడతదా? ఫ్యూజు వైరు సంచిల ఉంటది. ఉండాల్సిందే.

లైన్_మీద_బతుకు
@పత్తి_పాటి_నేల ఆ మూడూళ్లూ చూసేవాడిలాంటి వాడినే నేను కూడా. మీ కోపం అర్థమవుతుంది. అయినా నా మాట అదే. ట్రాన్స్‌ఫార్మర్ మెట్టు మీ హద్దు కాదు.

మీకు నిజంగా పనికొచ్చేది చెప్తాను. టెస్టరు కాదు, టెస్ట్ ల్యాంపు. మామూలు ఫిలమెంటు బల్బులు రెండు సిరీస్‌లో (ఒకదాని వెనక ఒకటి) కలిపి, రెండు కొసలకూ ఇన్సులేషన్ ఉన్న ప్రోబులు పెట్టుకోండి. మోటారుకి వచ్చే మూడు కరెంటు తీగలే మూడు ఫేజులు; ఫేజుకు ఫేజుకు మధ్య 415 వోల్టులు, ఒక్క బల్బే పెడితే పేలిపోతుంది, అందుకని రెండు. మూడు జతలూ చూడండి: మూడూ సమానంగా వెలిగితే మోటారు వెయ్యండి. ఒక ఫేజు పోయినప్పుడు కూడా పక్క రైతుల మోటార్ల వైండింగుల గుండా తిరిగొచ్చిన కరెంటుకి టెస్టరు మూడు తీగల మీదా వెలుగుతుంది. అది చూసి మూడు ఫేజులూ ఉన్నాయనుకుని స్టార్టర్ నొక్కుతారు, మోటారు కాలుతుంది. రీవైండింగు ఖర్చు మీకు నేను చెప్పక్కర్లేదు.

బత్తాయి_నల్గొండ
ఈ సంగతి నాకు తెల్వది. టెస్టరు మూడింటి మీదా వెలిగినా మోటారు గుర్రుమని మొరాయించేది అందుకేనా! బల్బులు పగలకుండ ఎట్ల మోస్తున్నరు?

లైన్_మీద_బతుకు
పాత షర్టు చెయ్యి కోసి అందులో దూర్చి, స్టీలు డబ్బాలో. లేదంటే స్టార్టర్ డబ్బాలోనే వదిలెయ్యండి. బల్బుల్ని ఏ దొంగా ఎత్తుకుపోడు.

ఎర్రనేల_అక్క
ఇంత సేపు చదివిన. అందరూ జేబులున్నోళ్లే మాట్లాడుతున్నరు.

మేము మిరప కోతకు పోయినా, పత్తి ఏరను పోయినా, సంచి భుజానికి తగిలించుకుని పని చెయ్యలేము. వంగితే ముందుకు జారుతది. పత్తికి పాత చీరతోని ఒడి కట్టుకుంటం, దాంట్ల పత్తి తప్ప ఇంకేం పట్టదు. మా సంచి గెట్టున చెట్టుకు ఉంటది, పని చేసే సాలు కాడికి రాదు. అందుకని ఒంటి మీద ఏం ఉండాలె, చెట్టు కాడ ఏం ఉండాలె అని ముందే విడగొట్టుకోవాలె. మా నాయినమ్మకు బొడ్లె సంచి ఉండేది, దాంట్ల అరలు: ఆకు, వక్క, చిల్లర పైసలు, తాళం చెవి. ఇప్పుడు నేను ఫోన్ పట్టేంత చిన్న సంచి జాకెట్ గుడ్డతోని కుట్టుకుని బొడ్లె దోపుకుంట. ఫోనుకు పాలితీన్ కవరు, లేకుంటే చెమటకు ఖరాబైతది.

పుస్తెల తాడుకు పిన్నీసులు ఎందుకుంటయో మగోళ్లకు తెలుసా? ముల్లు తీస్తందుకు, తెగిన చెప్పుకు, చినిగిన కొంగుకు. మీ ఇరవై జిప్పుల బ్యాగుల పిన్నీసు ఉన్నదా?

చెట్టు కాడి సంచిల: నీళ్లు, సద్ది, సబ్బు ముక్క, పొడి గుడ్డ, నెలసరికి కావల్సినయి, పాత పేపరు. ఈ ఆఖరి రెండూ ఎవ్వరు రాయరు. చేన్ల ఆడోళ్లకు చాటు ఉండదు, అందుకని నీళ్లే తక్కువ తాగుతరు, మధ్యాహ్నానికి తలనొప్పి. నాతోని వచ్చేటోళ్లకు నేను చెప్పేది ఒక్కటే, చీర అడ్డం పట్టుకునేటందుకు ఇద్దరం ఉన్నం గదా, నీళ్లు తాగున్రి.

ఎండలో_సైకిల్
@ఎర్రనేల_అక్క పిన్నీసు దెబ్బకి నా యాక్సా బ్లేడు గాలికి పోయింది. 🙏

మేకల_దారి
అక్క మాట సై. మేము గొర్ల ఎంబడి పొద్దంత తిరుగుతం, మూడు నాలుగు నెలలు వలస కూడా పోతం. మా సంచి గొంగడే. దక్కను నల్ల గొర్రె ఉన్నితోని నేసింది. వాన పడితే ముసుగేస్తం, నేల మీద పరిస్తే పడక, మూట కడితే అండ్ల సద్ది డబ్బ, చిన్న గొర్రెపిల్ల కూడ పడతది. మొలతాడుకు చిమ్టా ఉంటది, తుమ్మ ముల్లు తీస్తందుకు. చేతిల దోటి.

సంచిల తప్పక ఉండేది టర్పెంటైన్ నూనె సీస. గొర్రెకు పుండుల పురుగులు పడ్డయంటే రెండు చుక్కలు పోస్తే పురుగులు బయటికొస్తయి, తర్వాత వేపనూనె రాస్తం. ఇంకోటి కొమ్మలు కోసే కొడవలి. బ్యాగులకు జిప్పు వద్దు, పల్లేరు గాయ ఇరికితే అంతే సంగతి. మూతికి తాడు గుంజే సంచి మంచిది.

కోనసీమ_కొబ్బరి
@మేకల_దారి అయితే మొత్తానికి మీ బ్యాగులో గొర్రెపిల్ల కూడా పడుతుందన్నమాట. మిలిటరీ బ్యాగు వాళ్లకి ఈ ఫీచరు పంపాలండీ.

తాటివనం
మేము తాళ్లెక్కి కల్లు గీసేటోళ్లం. మాకు సంచి లేదు, చెట్టెక్కే మోకు ముస్తాదే మా సంచి. కత్తులు నడుముకు, కల్లు లొట్టి ఎనుకకు, రెండు చేతులు చెట్టుకు. ఏం జారినా కిందోడి నెత్తిమీదనే. 2024ల సర్కారు కాటమయ్య రక్షణ కవచం అని బెల్టు, తాళ్ల కిట్టు ఇచ్చుడు మొదలువెట్టింది. మా పెద్దోళ్లు ముందుగాల నవ్విన్రు, ఇప్పుడు పొరగాళ్లు అది లేంది ఎక్కుతలేరు. సంచి కన్న ముందు మీదికెళ్లి పడకుండ ఉండే సంగతి చూస్కోవాలె గదా.

సెల్‌లో_సలహా
పాము కాటు కిట్టు పెట్టుకోరా ఎవరూ? ఆన్‌లైన్‌లో చిన్న పంపు ఉంటుంది, విషం లాగేస్తుందట. తోటలో పనికి అది ముఖ్యం కదా.

పీహెచ్‌సీ_సిస్టర్
@సెల్‌లో_సలహా కొనకండి. పంపుతో లాగడం, బ్లేడుతో కోయడం, నోటితో పీల్చడం, పైన గట్టిగా తాడు కట్టడం, ఏదీ వద్దు. తాడు బిగించి వచ్చినవాళ్ల కాలు నల్లబడి ఉండటం నేను చూస్తుంటాను. విషానికి తోడు అదొక కొత్త గండం. పొటాషియం పర్మాంగనేటు పొట్లం దాచుకునే పెద్దలు ఇంకా ఉన్నారు, గాటు పెట్టి ఆ పొడి అద్దుతారు. అదీ వద్దు.

కాటు పడినవాళ్లని నడిపించకండి. కాలు గానీ చెయ్యి గానీ కదలకుండా కర్రకి వదులుగా గుడ్డతో కట్టండి. మెట్టెలు, పట్టీలు, గాజులు, ఉంగరం, వాచీ వెంటనే తీసెయ్యాలి. వాపు వచ్చాక రావు. 108కి ఫోన్, లేదంటే బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టి తీసుకురండి. పాముని చంపి తేవాల్సిన పని లేదు, దాని వెంట పడి రెండో కాటు తిన్నవాళ్లున్నారు. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్న పింజరి, ఈ నాలుగింటికీ ఆసుపత్రిలో ఇచ్చే ఒకటే విరుగుడు మందు పనిచేస్తుంది.

కట్లపాముతో జాగ్రత్త. కాటు నొప్పి పుట్టదు, వాపు కూడా పెద్దగా ఉండదు. ‘ఏం కాలేదులే’ అని పడుకుంటారు, తెల్లారేసరికి కనురెప్పలు వాలిపోయి మాట ముద్దగా వస్తుంది. అనుమానం ఉంటే రాత్రైనా సరే వచ్చెయ్యండి.

కాబట్టి సంచిలో పాము కోసం పెట్టాల్సింది టార్చి, కాలికి గమ్ బూట్లు. గడ్డి కోసేముందు కర్రతో నేల తట్టండి. రక్తపింజరి అయితే కుక్కరు విజిల్లా బుస కొడుతుంది, ఆ చప్పుడు వింటే ఉన్నచోటే ఆగి వెనక్కి జరగండి.

మందు కొట్టే రోజు సంగతి వేరు. పురుగుమందు సీసా, తినే డబ్బా ఒకే సంచిలో రాకూడదు. వాంతులు, కళ్లు మసకలు, నోట్లో చొంగ వస్తే ఆసుపత్రికి మనిషితో పాటు ఆ సీసా కూడా తీసుకురండి. లేబుల్ మీద మందు పేరు కనిపిస్తేనే దేనికి ఏ విరుగుడో డాక్టరు వెంటనే చెప్పగలరు. కనీసం లేబుల్ ఫోటో తీసి పెట్టుకోండి.

పత్తి_పాటి_నేల
@పీహెచ్‌సీ_సిస్టర్ మా కాడ అందరూ సగం వాడిన మందు డబ్బను సద్ది సంచిలనే తెస్తరు, మూత గట్టిగనే పెట్టినం అని. నేను కూడా. ఇగ బండికి ముందు కొక్కెం ఒకటి, వెనుక డబ్బ ఒకటి చెయ్యాలె.

పీహెచ్‌సీ_సిస్టర్
మందు వెనక, అన్నం ముందు. సబ్బు అన్నం వైపు. ఎర్రనేల అక్క సబ్బు రాసింది చూశారా, మగవాళ్లలో ఒక్కరూ రాయలేదు.

జగిత్యాల_దుబాయ్
నేను దుబాయ్‌ల సైటు పని చేసి ఇప్పుడు ఊర్ల పసుపు ఏసిన. ఆడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి దాకా ఎండల పని బంద్, అది చట్టం. ఈడ మే నెలల రెండింటికి కూడా పసుపు కుప్ప కాడ ఉంటం, అడిగేటోడు లేడు. ఓఆర్ఎస్ పాకెట్లు రెండు ఎప్పుడూ ఉంచుకోవాలె. పెద్ద పాకెట్ అయితే ఒకటి లీటరు నీళ్లల్ల పూర్తిగా కలపాలె. గ్లాసుల సగం పోసి చిక్కగ తాగేటోళ్లు ఉన్నరు, అట్ల వద్దు. మజ్జిగల ఉప్పేసి తాగితే అదీ మంచిదే, కాకుంటే ఎండకు మధ్యాహ్నానికి పులిసిపోతది.

అనంత_చెనిక్కాయ
ఇంత చెప్పుకొని సంచి ఏదో ఎవురూ చెప్పలా. యూరియా సంచి సామీ. ఉతికి, మూతి మడిచి కుట్టించి, అదే సైకిల్ ట్యూబుతో భుజం పట్టీ పెట్టించుకో. వానకు తడవదు, చిరిగితే ఇంకోటి. టైలరుకు ముందే చెప్పు, మందపాటి సూది పెట్టకపోతే విరుగుతాది. గుడ్డ సంచి అయితే నీళ్లబాటిలు కారి సద్దంతా తడుస్తాది.

ఎండలో_సైకిల్
@అనంత_చెనిక్కాయ 45 కేజీల యూరియా సంచి కొంచెం పొట్టి అయిందేమో, పాత 50 కేజీల సంచి దొరికితే చూడు 😂

అనంత_చెనిక్కాయ
పొట్టిదైతేనే మేలు. పెద్ద సంచి కుట్టించుకుంటే దాంట్లో అన్నీ వేస్తావు.

బత్తాయి_నల్గొండ
సంచి చెట్టుకు తగిలిస్తే మా కాడ కోతులు వస్తయి. జిప్పు తీస్తయి, సద్ది డబ్బ క్లిప్పు కూడ ఇప్పుతయి. మొన్న ఒకటి సెకేటరు ఎత్తుకుని వేపచెట్టు ఎక్కింది, ఎంత అదిలించినా దిగలే. అరటిపండు ఏస్తే ఇడుస్తదని పాలోడు చెప్పిండు. బత్తాయి తోటల అరటిపండు ఏడ తేను?

కోనసీమ_కొబ్బరి
అయితే ఆ సంచిలో ఒక అరటిపండు కూడా పెట్టుకోవాలన్నమాట. కోతి లంచం.

మేకల_దారి
కోతుల సంగతి అట్లుంచు. రాత్రి పూట బత్తాయికి నీళ్లు పెట్టపోతవా? పందుల కోసం గెట్లకు కరెంటు తీగలు కట్టేటోళ్లు ఉన్నరు. గొర్ల మంద కాడ పండుకున్నప్పుడు మాకు పాము కన్న ఆ తీగ భయమే ఎక్కువ. టార్చి కాళ్ల ముందర నేలకు కొట్టాలె, ఎదురుగ కొట్టుకుంట పోతే మోకాలెత్తు తీగ కండ్లవడది. నెత్తికి కట్టుకునే లైటు కన్న చేతి టార్చే మంచిది అందుకే.

లైన్_మీద_బతుకు
మేకల దారి చెప్పిన తీగల గురించి: అలా కట్టడం నేరం, మనుషులూ చచ్చిపోతున్నారు. ఎక్కడ చూసినా 1912కి చెప్పండి. మీ పేరు బయటికి వస్తుందని భయముంటే మీ ఊరి లైన్‌మన్‌కి నోటి మాటగా చెప్పినా చాలు.

ఎర్రనేల_అక్క
మెరుపుల సంగతి ఎవ్వరు రాయలే. ఫోన్ల దామిని యాప్ ఏసుకోన్రి, దగ్గర్ల పిడుగు పడే సూచన ఉంటే చూపెడతది. మబ్బు పట్టంగనే చెట్టు కింది సంచి కాడికి ఉరికేటోళ్లు ఎక్కువ, అదే తప్పు. సంచి తడిస్తే తడవని.

బత్తాయి_నల్గొండ
సరే, నేను ఆగిన కాడికి చెప్త. ఫ్యూజు వైరు స్టార్టర్ డబ్బల పెట్టిన, సంచిల నుంచి తీసేసిన. టెస్ట్ ల్యాంపు కూడ ఆడనే. బండికి ముందు సంచిల నీళ్లు, సద్ది, సబ్బు, ఓఆర్ఎస్, తువ్వాలు. పక్కకు యూరియా సంచిల ప్లేరు, పానా, బ్లేడు, ట్యూబు పట్టీలు, సెకేటరు. మా ఇంటామె పిన్నీసులు రెండు ఇచ్చింది, ఈ చర్చ చదివి నవ్వింది.

ఒక్కటే మిగిలింది. డ్రిప్పు సామాను. మాకు పాత తోటకు 12 ఎం.ఎం. లేటరల్, కొత్త తోటకు 16. జాయినర్లు, బొక్కలు మూసే డమ్మీలు, పైపు కొసకు పెట్టే ఎండ్ క్యాపులు కలిసిపోతున్నయి. ఒకేలాగ కనిపిస్తయి, ఏసేదాక తెల్వదు. ఎవరన్న ఎట్ల విడగొడుతున్నరు?

డ్రిప్పు_షాపు_కోదాడ
రెండు వేర్వేరు ప్లాస్టిక్ డబ్బాల్లో వెయ్యండి, మూతకి ఆ సైజు పైపు ముక్క అంగుళం కోసి తాడుతో కట్టండి. చీకట్లో కూడా వేలు దూరిస్తే తెలుస్తుంది. షాపుకి వచ్చేటప్పుడు కూడా సైజు నోటితో చెప్పకండి, ఆ ముక్క తీసుకురండి. 16 అని చెప్పి తీసుకెళ్లి వదులైందని తిరిగొచ్చేవాళ్లే ఎక్కువ. ఒకే 16లో కూడా పైపు మందం కంపెనీ కంపెనీకి తేడా ఉంటుంది.

అనంత_చెనిక్కాయ
వదులైతే ఏముంది, ట్యూబు పట్టీ.